నాన్న నింపిన గాలి

రోహిణి

రోహిణి కార్తె వచ్చింది. ఈ రోజు నుంచి కంప్రెసర్ సంగతులు నేను రాస్తాను. నాన్న ఎప్పుడూ రాయలేదు. పని చేస్తూ పైకి చెప్పుకునేవాడు. "బెల్టు వదులు చేశాం. ఆయిలు దించాం. కడుపు ఖాళీ చేశాం." వినేవాళ్ళు ఉన్నా లేకపోయినా చెప్పేవాడు. నాకు పైకి చెప్పడం రాదు.

నాన్న పేరు బాలశౌరి. గట్టు మీద అందరికీ ఆయన గాలాయన. నీళ్ళ అడుగునున్న కింది ఊళ్ళోకి దిగేవాళ్ళకు పడవ మీద నుంచి గాలి పంపే పని ఆయనది. పుష్యంలో నీళ్ళు తేటపడతాయి. అప్పటి నుంచి ఎండలు ముదిరేదాకా మా ఇన్నాసి మావయ్య నడుముకు సీసం కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని, మునిగిన వీధుల్లోకి దిగుతాడు. రాగితీగ, ఇత్తడి, కిటికీల ఇనుము పైకి పంపిస్తాడు. వాటికి బియ్యం వస్తాయి. మిగిలిన నెలలన్నీ కంప్రెసర్ ఇంటి వెనక షెడ్డులో ఉంటుంది. అసలు పని అదే అనేవాడు నాన్న. "నడిపేది ఎవడైనా నడుపుతాడు. నిలవబెట్టడం రావాల."

సీజను చివర్లో ఒక సాయంత్రం, మర్నాటి కోసం, షెడ్డులో జ్వరంతోనే కంప్రెసర్ ట్యాంకు నింపాడు. మర్నాడు మావయ్య దిగలేదు. నాన్న లేవలేదు. ఆ వేళ నేను కొండ మీద సిస్టర్ల బడిలో, లైబ్రరీ పుస్తకాలకు అట్టలు వేస్తున్నాను. కబురు విని పడవ ఎక్కేసరికి వేళ్ళకు జిగురు ఇంకా ఆరలేదు.

సమాధుల దిబ్బ మీద ప్రార్థన అయ్యాక మా గుడి ఉపదేశి రాయప్ప తాత అమ్మ దగ్గరికి వచ్చాడు.

"జ్ఞానమ్మా, ట్యాంకు ముట్టమాకండి. సమాధుల పండక్కి తీసుకురండి."

"అట్టాగే పెదనాన్నా," అంది అమ్మ.

ఇది గట్టు ఆచారం. గాలాయన పోతే అతను ఆఖరుసారి నింపిన గాలిని ఎవరూ వదలకూడదు. నవంబరులో సమాధుల పండుగ నాడు ట్యాంకును పడవలో దిబ్బకు తీసుకెళ్ళి, సమాధి దగ్గర కుళాయి విప్పుతారు. గాలి పోయినంతసేపూ కూర్చుని వింటారు. దాన్ని ఆఖరి మాట అంటారు.

నాన్నకు మాత్రం వేరే నియమం ఉండేది. నింపినవాళ్ళే ఖాళీ చెయ్యాలి. పడవ ఒడ్డుకు చేరగానే ట్యాంకు కింద కుళాయి విప్పి, నీళ్ళు, గాలి మొత్తం వదిలి, కుళాయి తెరిచే ఉంచేవాడు. గాలిని నొక్కితే అందులో తేమ నీళ్ళవుతుంది. ఆ నీళ్ళు అడుగున నిలిస్తే ఇనుమును లోపలి నుంచి తినేస్తాయి. బయట రంగు బాగానే ఉంటుంది.

సాయంత్రం దీపం పెట్టి అమ్మ షెడ్డులోకి వచ్చింది. అమ్మ కళ్ళకు పొరలు. ట్యాంకులో గాలి ఎంతుందో చూపే గేజి ముల్లు కనపడదు.

"ఎంతుందే లూర్దూ?"

"నూట ఇరవై."

అమ్మ ట్యాంకు మీద అరచెయ్యి పెట్టింది. జ్వరం చూసినట్టు చాలాసేపు ఉంచింది.

మృగశిర

బెల్టు వదులు చేశాను. పాత ఆయిలు దించి కొత్తది పోశాను. చక్రాల కింద ఇటుకలు తీసి చెక్కలు పెట్టాను, నేల చెమ్మ ఎక్కకుండా. గాలి పీల్చే మూతికి పలచటి గుడ్డ కట్టాను. కట్టకపోతే కందిరీగలు అందులో మట్టిగూళ్ళు కడతాయి. ట్యాంకు వైపు దారి మూసేసి, చక్రం చేత్తో నాలుగు చుట్లు తిప్పాను. వారానికోసారి తిప్పకపోతే లోపల పట్టేస్తుంది.

కడుపు ఖాళీ చేశాం అన్న మాట ఒక్కటే రాయలేను.

మావయ్య వచ్చి గడప మీద కూర్చున్నాడు. అమ్మకు తమ్ముడు. ఊరికే ఉండలేడు.

"ఏందే గాలమ్మా, కాన్వెంటులో బెల్టులు బిగించడం గూడా నేర్పారా?"

"ఇది వదులు చెయ్యడం మావయ్యా."

"సరేలే. రేపు నేను కింద ఉంటే, పైన నువ్వు పుస్తకం తెరిచి కూసుంటావు. ఈ పేజీ అయినాక గాలి వదులుతా మావయ్యా అంటావు."

నవ్వాను. నవ్వు ఆగకముందే అడగాలనుకున్నాను. "తోమా ట్యాంకు ఎందుకు పగిలింది మావయ్యా?"

అతని మొహం మారింది. పోయిన ఏడు దిగువ గట్టులో తోమా ట్యాంకు పడవ మీదే పగిలింది. పడవలో తోమా, నీళ్ళ కింద అతని బావమరిది, ఇద్దరూ పోయారు.

"దిష్టి. పాత ఇనుం. ఎవురికి తెలుసు?"

నాకు తెలుసనుకుంటాను. అంతకు ముందు ఏడు తోమా నాన్న వానలు మొదలయ్యే రోజుల్లో పోయాడు. ట్యాంకు సమాధుల పండుగ దాకా నిండుగా ఉంది. ఆ రోజు నేను దిబ్బ మీదే ఉన్నాను. కుళాయి విప్పగానే ముందు ఎర్రటి నీళ్ళు వచ్చాయి. సమాధికి వేసిన సున్నం మీద ఎర్రగా పారాయి. ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చున్నారు. మంచి గాలాయన అయితే ఎర్రనీళ్ళు వస్తాయని, అది అతని రక్తమని, ఇక్కడ నమ్మకం. రాయప్ప తాత ఆ నీళ్ళు వేలితో తీసుకుని నుదుట పెట్టుకున్నాడు.

అది తుప్పు. నాన్న చెప్పకపోయినా తెలిసేదే.

డిసెంబరు ఆఖరుకు మావయ్య ఈ ట్యాంకుతోనే దిగాలి. గట్టు మీద ఇంకో ట్యాంకు లేదు.

ఆరుద్ర

వాన నిలవలేదు. షెడ్డు గోడలు చెమరుస్తున్నాయి. ట్యాంకు మీద చేత్తో రాస్తే తడి.

ఆదివారం పూజ అయ్యాక రాయప్ప తాత గుడి వరండాలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. దారంతా కూర్చుకున్న మాటలు నోట్లో లేవు.

"ఏందమ్మా?"

"ట్యాంకులో నీళ్ళు..."

"ఊఁ. నీళ్ళు?"

పక్కన కూర్చున్నవాళ్ళు నా వైపు చూశారు. "తీస్తే మంచిదేమోనని."

"ఎవురు జెప్పారు? సిస్టర్లా?" ఆయన కోపంగా అనలేదు. "తల్లీ, నీ తండ్రి ఆఖరి మాట అది. కొండ మీద వాళ్ళకి మన సంగతి తెలవదు. నువ్వు జపమాల చెప్పుకో."

ఎవరో వెనక నుంచి అన్నారు: "కాన్వెంటు పిల్ల గదా, తండ్రిని గూడా కడిగి ఆరేస్తానంటది." నవ్వారు. నేను గొడుగు మర్చిపోయి వచ్చేశాను.

ఇంట్లో అమ్మను అడిగాను.

"నీళ్ళు ఒక్కటే తీస్తానమ్మా. కుళాయి ఒక వెంట్రుక వాసి తెరుస్తాను."

"నీళ్ళెంబడి గాలి పోదా?"

"కొంచెం పోతుంది."

"కొంచెం." అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది, కళ్ళతో కాదు, వేళ్ళతో. "మీ నాన్న ఆఖరి రోజున నాతో ఏమీ చెప్పలేదే. జొరం, వొణుకు. నీళ్ళిమ్మన్నాడు, అంతే. నాకు మిగిలింది ఆ డబ్బాలోదే. మాటలో నుంచి కొంచెం తీస్తే అది మాటేనా?"

అమ్మ ఒక రాయి ఏరి బయటికి విసిరింది.

"మీ మావ దిగేదానికి ఇంకా ఎన్నో నెలలుందిగా. పండగైనాక కడుక్కో."

అప్పటికి కడగడానికి ఏం మిగులుతుందో చెప్పాలనుకున్నాను. సాయంత్రం అడిగింది. నూట ఇరవై అన్నాను.

పునర్వసు

ఈ రోజు విప్పాను.

సాయంత్రం అమ్మ జపమాలకు గుడికి వెళ్ళింది. వెళ్ళి, పాటలు పాడి, తిరిగి రావడానికి కొంత సమయం పడుతుంది. నేను ట్యాంకు కింద పళ్ళెం పెట్టి, బోర్లా పడుకుని కుళాయి తిప్పాను. ముందు ఏమీ రాలేదు. తర్వాత టీ రంగు నీళ్ళు చిమ్మాయి. పళ్ళెం సగం నిండింది. నీళ్ళలోకి బుడగలు రాగానే కట్టేశాను. ఆ ఒక్క క్షణంలో కొంత గాలి నా మొహానికి తగిలింది.

ముల్లు నూట పదిహేడు మీద ఉంది.

అప్పుడు అసలు చిక్కు తెలిసింది. దీపం వేళ అమ్మ అడుగుతుంది. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. బడిలో ఒకసారి, ఓ పుస్తకం చదవకుండానే చదివానని చెప్పి, వారం రోజులు అన్నం తినలేకపోయాను. సిస్టర్ బెర్నడెట్ నన్ను మందలించలేదు, ఆ పుస్తకం తెచ్చి ఇచ్చింది.

మోటారు వెయ్యలేను. గట్టంతా వినపడుతుంది, పైగా ఈ మబ్బుల్లో సోలారు దీపాలకే చాలదు. మూలన నాన్న కాలిపంపు ఉంది. గొట్టం తగిలించాను. పంపు మూతికి ఎండిన బొగ్గు మూటకట్టాను, తేమ కొంతయినా ఆగుతుందని. తొక్కాను. ముల్లు కదలదు. తొక్కుతూ ఉంటే, చూడనప్పుడు కదులుతుంది.

అమ్మ గొంతు దారిలో వినపడేసరికి ముల్లు నూట ఇరవై మీదికి వచ్చింది. పంపు ఇనుప గొట్టం ముట్టుకోలేనంత వేడిగా ఉంది. గోనె కప్పాను.

"ఎంతుందే?"

"నూట ఇరవై," అన్నాను. నిజమే చెప్పాను.

ఎర్రనీళ్ళు అరటి మొదట్లో పోశాను.

ఆశ్లేష

వారానికి రెండుసార్లు విప్పుతున్నాను. టీ రంగు తగ్గింది. మొదట్లో నీళ్ళలో సన్నటి పొట్టు వచ్చేది. ఇప్పుడు రావడం లేదు. గరిటె కాడతో ట్యాంకు అడుగున తట్టి వింటున్నాను. ఒకచోట మోత కొంచెం పలచగా ఉంది. అక్కడ సుద్దతో గుర్తు పెట్టాను.

విప్పిన ప్రతిసారీ నాన్న గాలి కొంచెం పోయి, నా గాలి కొంచెం చేరుతోంది. ఎంత పోయిందో లెక్కగట్టడం కష్టం కాదు. కొండ మీద చదువు అందుకు చాలు. ఆశ్లేష మొదలయ్యేటప్పటికి ప్రతి ఐదువంతుల్లో ఒక వంతు నాది. లెక్క వేశాక ఆ కాగితం పొయ్యిలో పెట్టాను.

అమ్మ పడక షెడ్డులోకి మార్చుకుంది. ఇంట్లో ఉక్కగా ఉందంటోంది. షెడ్డులోనే ఎక్కువ ఉక్క. ట్యాంకు పక్కన చాప వేసుకుని, వీపు దానికి ఆనించి కూర్చుని, రోజంతా వలలకు ముడులు వేస్తుంది. అప్పుడప్పుడు ఏదో అంటుంది. ఇవాళ అన్నది విన్నాను.

"ఇన్నాసి గాడు వల చింపుకొచ్చాడయ్యా. చెప్తే వినడు."

కాసేపు ఆగింది, జవాబు వస్తుందన్నట్టు. మళ్ళీ ముడి వేసింది.

నేను పళ్ళెం తీసుకుని వెనక్కి వచ్చేశాను. ఆ పూట విప్పలేదు.

పుబ్బ

కుడికాలు వాచింది. మడమ దగ్గర తోలు లేచి, పగిలి, మళ్ళీ గట్టిపడింది. కుంటడం కనపడకుండా నడుస్తున్నాను.

అన్నాలయ్యాక అమ్మ కాలు చాపమంది. ఎందుకని అడిగితే ఊరుకోమంది. కొబ్బరినూనెలో పసుపు కలిపి వెచ్చచేసి, మడమకు రాసి, బొటనవేలితో నొక్కింది. నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎక్కడ తిరిగావని అడుగుతుందేమోనని ఒక జవాబు వెతుక్కున్నాను. అమ్మ అడగలేదు.

"రేపటి నుంచి మాతకి నవదినాలు," అంది. "ప్రార్థన పొద్దుపోయిందాకా ఉంటది. నాకోసం చూడమాక. నిదానంగా వస్తా."

మావయ్య గోడకు చేరగిలపడి ఉన్నాడు. "అక్కా, నీ కూతురు కాలు చూడు, ఏతం తొక్కినట్టుంది. ఏడ తొక్కుతన్నావే గాలమ్మా, చేలన్నీ నీళ్ళకిందే గదా."

"నువ్వు నోరు మూసుకుని వల చూసుకో," అంది అమ్మ.

ఉత్తర

జరిగింది జరిగినట్టు రాస్తాను.

కుళాయి తిప్పాను. నీళ్ళు వచ్చాయి. బుడగలు రాగానే కట్టబోతే తిరగలేదు. ఏదో తుప్పు పెంకు కుళాయి మర పళ్ళ మధ్య ఇరుక్కున్నట్టుంది. బలంగా తిప్పితే పిడి చేతిలోకి ఊడి వచ్చింది. గాలి ఈల వేస్తూ పోతోంది. వేలు పెట్టాను, నిలవలేదు. పట్టకారు వెతికాను. రోజూ మేకుకు వేలాడే పట్టకారు మావయ్య తీసుకెళ్ళాడని అప్పుడు గుర్తొచ్చింది.

ముల్లు తొంభై. ఎనభై.

మావయ్య ఇల్లు నాలుగు ఇళ్ళ అవతల. పరుగెత్తి వెళ్ళి రావచ్చు. వెళ్ళలేదు. ఎందుకో నిజంగా రాయాలంటే, ఆ వాసన వల్ల. బయట వాన. షెడ్డంతా చెమ్మ, బూజు, చేపల వాసన. ట్యాంకులోంచి వచ్చే గాలి మాత్రం పొడిగా ఉంది. దాంట్లో ఎండ ఉంది. రోహిణి ఎండలో కాలిన మట్టి, వేడెక్కిన రబ్బరు. ఆ సాయంత్రం నాన్న జ్వరంతో ఈ షెడ్డులో నిలబడి ఉన్నప్పుడు చుట్టూ ఉన్న గాలి. నేల మీద పడుకుని దానికి మొహం పెట్టాను. ఈ మాట వినాల్సింది అమ్మ. అమ్మ గుడిలో ఉంది. నేనొక్కదాన్నే విన్నాను.

అరవై దగ్గర లేచాను. చీర కొంగు చింపి, మైనంలో ముంచి, కన్నంలో కుక్కి, కర్రమేకు కొట్టాను. ఈల ఆగింది. ముల్లు నలభై మీద నిలబడింది.

తొక్కడం మొదలుపెట్టాను. నలభై నుంచి నూట ఇరవైకి ఒక్క పూటలో రాదని తెలుసు. అయినా తొక్కాను. అమ్మ వచ్చేసరికి నలభై తొమ్మిది.

దీపం పెట్టింది. షెడ్డు గడపలో నిలబడింది. నా ఊపిరి చప్పుడు నాకే వినపడుతోంది.

"ఎంతుందే?"

లేచి ముల్లుకు అడ్డంగా నిలబడ్డాను.

అమ్మ కాసేపు చూసింది. నన్నో, చీకటినో, ఆ కళ్ళకు ఏం కనిపించిందో తెలియదు. "సరే, వానగా ఉంది. ముల్లు కనపడదేమోలే. రేపు చూడు," అంది. చాప తీసుకుని ఇంట్లోకి వెళ్ళింది. ఆ రోజు నుంచి ఇంట్లోనే పడుకుంటోంది.

హస్త

నవదినాలు ఎప్పుడో అయిపోయాయి. అమ్మ ఇంకా పొద్దుపోయే వస్తోంది. గుడిలో ఊడవాలంటుంది, పువ్వులు కట్టాలంటుంది. ఇప్పుడు పొద్దున కూడా వెళ్తోంది.

పట్టకారు తెచ్చి కుళాయి బాగుచేశాను. తొక్కుతున్నాను. అమ్మ ఇప్పుడు రోజూ అడగడం లేదు. నూట ఇరవై చేరిన రోజునే అడిగింది. ఎలా తెలిసిందో నాకు అర్థం కాలేదు. బహుశా ఆ రోజు నేను అన్నం కొంచెం ఎక్కువ తిన్నాను.

"ఎంతుందే?"

"నూట ఇరవై."

"ఊఁ."

లెక్క మళ్ళీ వేశాను. ఇప్పుడు నాన్నది ఐదోవంతు.

ఒక సంగతి మాత్రం రాసుకోవాలి. గాలిలో వరుస ఉండదు. ముందు పోసింది అడుగున, తర్వాత పోసింది పైన ఉండవు. ఎక్కడ తెరిచినా, ఎప్పుడు తెరిచినా, మొదటి క్షణంలోనూ ఆఖరి క్షణంలోనూ ఐదోవంతు నాన్నే ఉంటాడు. కొండ మీద ఈ పాఠం చదివినప్పుడు పరీక్ష కోసం చదివాను.

నీళ్ళు తేటగా వస్తున్నాయి. తాగేటంత తేటగా. దీనికి సంతోషించాలి. కానీ పండుగ నాడు కూడా ఇలాగే వస్తాయి. గట్టంతా చూస్తుంది.

స్వాతి

నిన్న సమాధుల పండుగ.

పొద్దున్నే ట్యాంకును పడవలోకి ఎక్కించారు. మావయ్య, ఇంకో ముగ్గురు. దిబ్బ మీద సమాధులన్నిటికీ కొత్త సున్నం వేశారు. బంతిపూలు, కొవ్వొత్తులు. స్వాతి వాన వెలిసి ఎండ కాసింది. నాన్న సమాధి దగ్గర గడ్డి మీద ట్యాంకు పెట్టి, కుళాయిని సిలువ వైపు తిప్పారు. అందరూ చుట్టూ కూర్చున్నారు. నేను వెనక నిలబడ్డాను.

రాయప్ప తాత ప్రార్థన చదివాడు. తర్వాత అమ్మను పిలిచాడు. "రా తల్లీ. విప్పు."

అమ్మ లేచి, చేతులతో తడుముకుంటూ వెళ్ళి, ట్యాంకు పక్కన కూర్చుంది. కుళాయి పట్టుకుంది. తర్వాత వదిలేసింది.

"లూర్దూ. ఇట్టా రా."

వెళ్ళాను.

"నువ్వు విప్పు."

"నువ్వే కదమ్మా విప్పాలి," అన్నాను.

అమ్మ నా చెవి దగ్గరికి వంగింది. ఎవరికీ వినపడలేదు. "నింపినవాళ్ళే ఖాళీ చెయ్యాలని మీ నాన్న చెప్పలేదటే?"

అమ్మ నా వేళ్ళు తీసుకుని కుళాయి మీద పెట్టి, పైన తన చెయ్యి పెట్టింది. తిప్పాం.

నీళ్ళు కొంచెమే వచ్చాయి. తెల్లగా. సున్నం మీద పడి ఎండలో మెరిసి ఇంకిపోయాయి.

ఎవరూ మోకాళ్ళ మీద కూర్చోలేదు. వెనక గుసగుసలు మొదలయ్యాయి. "ఎర్రగా రాలేదేంది?" "బాలశౌరి మంచోడే గదా." "ఏం తప్పు జరిగిందో." రాయప్ప తాత ముందుకు వంగి, తడిచిన చోట వేలు పెట్టి, వేలు చూసుకున్నాడు. నా వైపు చూశాడు. నేను తల వంచుకున్నాను.

అమ్మ గొంతు పెంచింది. గుడిలో పాటకు తప్ప అమ్మ అంత గట్టిగా మాట్లాడడం నేను వినలేదు.

"మా మావగారికీ తెల్లనీళ్ళే వచ్చినయ్ పెదనాన్నా. నువ్వు అక్కడే ఉన్నావు. ఆయన తర్వాత ఇన్నేళ్ళూ ఈ ట్యాంకే మీకందరికీ గాలిచ్చింది. ఇక మాట్టాడమాకండి. నన్ను విననియ్యండి."

గాలి పోతూ ఉంది. అమ్మ కుళాయి ముందు అరచెయ్యి అడ్డం పెట్టి, ఆ గాలి వేళ్ళ సందుల్లోంచి పోతుంటే కళ్ళు మూసుకుని కూర్చుంది. ఈల సన్నబడింది, ఇంకా సన్నబడింది, తర్వాత గడ్డిలో గాలికీ దానికీ తేడా తెలియలేదు. ఎప్పుడు ఆగిందో నేను చెప్పలేను. అమ్మ చెయ్యి మాత్రం చాలాసేపు అక్కడే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు పడవలో అమ్మ పక్కన కూర్చున్నాను.

"నీకెప్పుడు తెలిసిందమ్మా?"

"మీ తాత పోయిన ఏడు మీ నాన్నకీ కుడికాలు ఇట్టాగే వాచింది. అప్పుడు నూనె రాసింది నేనేగా."

"మరి ముందే సరే అనకపోయావా?"

"సరేనని నా నోటితో ఎట్టా అనను?"

"తెలిసి కూడా ఎంతుందని అడిగేదానివి."

అమ్మ నీళ్ళ వైపు చూసింది. "అడిగేదానికి ఇంకేముందే నాకు?"

మావయ్య పడవ నడుపుతూ మా వైపు తిరిగాడు. ఏం విన్నాడో తెలియదు. ఒడ్డు దగ్గర పడ్డాక అడిగాడు.

"దీంతో దిగొచ్చా గాలమ్మా?"

"ముందు లోపల చూడాలి. తర్వాత నింపి, దూరంగా పెట్టి ఒక రోజు చూడాలి," అన్నాను. పడవలో అందరికీ వినపడేట్టే అన్నాను. "బాగుంటే దిగొచ్చు."

"అట్టాగే. నువ్వు దిగమంటేనే దిగుతా."

ఈ రోజు అడుగు మూత విప్పి, అద్దంతో ఎండను లోపలికి కొట్టి చూశాను. సుద్ద గుర్తు పెట్టిన చోట అరచేతి వెడల్పు మచ్చ ఉంది. మేకుతో గీకాను. పొర లేచింది. కింద ఇనుము గట్టిగా ఉంది. తుడిచి ఆరబెట్టాను. బెల్టు చూశాను. మూతికి గుడ్డ మార్చాను. కడుపు ఖాళీ. కుళాయి తెరిచే ఉంచాను. ఇదంతా పైకి చెప్పుకుంటూ చేశాను. గొంతు కొత్తగా ఉంది.

దీపం వేళ అమ్మ దీపం తెచ్చి షెడ్డు గడపలో నిలబడింది. నేను ముల్లు దగ్గరికి వెళ్ళి ఎదురుచూశాను. అమ్మ దీపం గూట్లో పెట్టి, కొంగు సర్దుకుని, ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ముల్లు సున్నా మీద ఉంది. అడగలేదు కాబట్టి ఇక్కడ రాశాను.